ఊ కొడితే బయటికే

యాభై ఏళ్లుగా కథలు చెబుతున్న ఒక ముసలమ్మ చేత రెండే రెండు రోజుల్లో "ఇంగ కత చెప్పను" అనిపించడం మామూలు మనుషుల వల్ల అయ్యే పని కాదు. దానికి శిక్షణ కావాలి. నేను పది రోజులు హైదరాబాదులో ఉండి మరీ ఆ శిక్షణ తీసుకున్నాను. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. మా అమ్మ దాన్ని బియ్యం డబ్బా కింద పరిచింది కాబట్టి చూపించలేను గానీ, చేసిన ఘనకార్యం మాత్రం దాచకుండా చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజుల్లో నవ్వని వాళ్లు ఇద్దరున్నారు, ఆ ముసలమ్మా ఆమె మనవరాలూ. వాళ్ల తరఫున నన్ను నాలుగు తిట్టుకున్నా సరే.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. కడపలో డిగ్రీ ముగించి, ఉద్యోగం కోసం ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాను. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు సర్కారు బడుల్లో రేడియో క్లబ్బులు పెడుతున్నామన్నారు. బడి వదిలాక సాయంత్రం పూట పిల్లల్ని కూర్చోబెట్టి కథ చెప్పడం, దాన్ని రికార్డు చేయడం నేర్పాలి. బాగా వచ్చినవి కమ్యూనిటీ రేడియోలో పిల్లల కార్యక్రమంగా వేస్తారు. "మీకు బాగా మాట్లాడటం వచ్చా?" అని ఇంటర్వ్యూలో అడిగారు. మా ఇంట్లో ఎవరిని అడిగినా చెప్పేవాళ్లు, నేను ఆపడం రాని మనిషినని.

శిక్షణ ఇచ్చిన సారుకు శబ్దమంటే పగ. గదిలో ఫ్యాన్ ఆపించేవాడు, గడియారం బయట పెట్టించేవాడు, మా కడుపులు ఆకలితో గుర్రుమంటే కోపంగా చూసేవాడు. "రికార్డింగులో కథ చెప్పేవాళ్ల గొంతు ఒక్కటే ఉండాలి. మిగిలిందంతా చెత్త" అనేవాడు. నేను నోట్సులో 'చెత్త' కింద రెండు గీతలు గీసుకున్నాను. పదో రోజుకు ఆ జబ్బు నాకూ అంటింది. ఇంటికొచ్చి, మెడలో హెడ్‌ఫోన్లు వేసుకుని, పోపు పెడుతున్న అమ్మతో, "అమ్మా, ఆ చిటపటలు కొంచెం తగ్గించవా?" అన్నాను.

"ఆవాలకు చెప్పి చూడు, ఇంటాయేమో" అంది అమ్మ.

శబ్దమంటే పడని ఈ మనిషిని వాళ్లు ఎక్కడ పడేశారనుకున్నారు? బేతంచెర్ల దగ్గర ఒక పల్లెలో. పొద్దున లేస్తే బండలు కోసే యంత్రాల రొద, మధ్యాహ్నానికి పాలిష్ పట్టే యంత్రాల రొద, సాయంత్రానికి బండలు ఎత్తుకుని పోయే లారీల రొద. ఆ ఊళ్లో రహస్యం చెప్పాలన్నా అరిచే చెబుతారు. పుట్టినప్పటి నుంచి యంత్రాలతో పోటీ పడిన గొంతులు కదా, నా క్లబ్బులో చేరిన పదిమంది పిల్లలు 'నమస్తే మేడం' అంటే కిటికీ రెక్కలు అదిరేవి.

నేను ఊరుకుంటానా? రూలు పెట్టాను. రికార్డింగు మొదలవగానే నా చూపుడు వేలు పెదాల మీదికి పోతుంది. ఆ తర్వాత ఎవరు దగ్గినా, నవ్వినా, చెప్పులు కదిపినా బయటికే. నోటికి తాళం వేసిన బొమ్మ ఒకటి అట్ట మీద గీయించి గోడకు తగిలించాను. గీసింది తొమ్మిదో తరగతి బాషా. రికార్డరు బటన్లన్నీ నాకంటే ముందు నేర్చుకున్నదీ వాడే.

"తుమ్ము వస్తే ఏం చెయ్యల్ల మేడం?" అన్నాడు బాషా.

"మింగాలి."

"మింగితే చెవుల్లో నుంచి వస్తాది మేడం. మా తమ్మునికి అట్లే వచ్చె."

"అయినా మింగాలి" అన్నాను, శిక్షణ పొందిన గొంతుతో.

మూడు వారాల్లో ఆ పిల్లలు రాళ్లలా తయారయ్యారు. ఒకరోజు హెడ్మాస్టరుగారు మా గదిలోకి తొంగి చూసి, పదిమంది కళ్లు మిటకరించుకుని ఊపిరి బిగబట్టి కూర్చోవడం చూసి, "ఏం మంత్రమేసినావమ్మా, కొంచెం మా తొమ్మిదో తరగతికి గూడా వెయ్యి" అన్నారు. నేను ఆ రాత్రి మా అమ్మకు ఫోన్ చేసి ఈ మాట మూడుసార్లు చెప్పాను.

ఇక అసలు సంగతికి వస్తాను. ప్రతి క్లబ్బూ ఒక కథ రికార్డు చేసి పంపాలి, మా వంతు సోమవారానికి. ఏ కథ పెడదామని అడిగితే ఎనిమిదో తరగతి స్టెల్లా లేచి నిలబడింది. బక్కపిల్ల, రెండు జడలు, నోరు విప్పితే కథే.

"మా జేజి కత పెడదాం మేడం. బండ కింద బావి కత. అది యా పుస్తకంలోనూ లేదు. మా జేజి ఒక్కదానికే వచ్చు."

జేజి అంటే ఆ పిల్లకు నాయన తల్లి, ఎస్తేరమ్మ. ఊళ్లో అందరూ ఎస్తేరమ్మవ్వ అంటారు.

"గడువు పెంచమని అడిగి, వచ్చే వారం తీరిగ్గా చేద్దామా?" అన్నాను.

స్టెల్లా ముఖం చిన్నబోయింది. "సోమవారం పొద్దున బండికి మా జేజి ఎర్రగుంట్లకు పోతాంది మేడం. మా చిన్నాయన ఆడ సిమెంటు ఫ్యాక్టరీలో చేస్తాడు. ఇంగ ఆడనే ఉంటాది. ఈడ మా అమ్మా నాయనా పనికి పోతే జేజి ఒక్కతే అయిపోతాంది." నెమ్మదిగా అంది, "నాకు రోజూ పండుకునేటప్పుడు జేజి కత చెప్తాది మేడం. ఇంగ ఎవురు చెప్తారు? మీరు రికార్డు చేసిస్తే ఫోన్లో పెట్టుకుంటా."

ఒక్కతే ఉంటే ఏమవుతుందని నేను అడగలేదు. అడిగి ఉంటే మీకిప్పుడు చదవడానికి ఈ కథ ఉండేది కాదు.

శుక్రవారం ఐదు గంటలకు పాలిష్ యంత్రాలు ఆగిపోగానే, పదిమందినీ వెంటబెట్టుకుని స్టెల్లా వాళ్ల ఇంటికి వెళ్లాను. ఎస్తేరమ్మవ్వ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు, భుజాలు మాత్రం ఇంకా గట్టివి. ముప్పై ఏళ్లు గనిలో బండలు మోసిన భుజాలవి. నేను మైకు ముందు పెట్టి, శిక్షణలో నేర్చుకున్న పుస్తకం భాషలో చెప్పాను.

"అవ్వా, మీరు నా వైపు చూడకూడదు. మైకు వైపూ చూడకూడదు. సహజంగా చెప్పాలి."

"నేను ఎవురి తట్టూ చూడను లేమ్మా" అంది ఎస్తేరమ్మవ్వ.

ఎంత అనుభవం, ఎంత సహజత్వం అని నేను మురిసిపోయాను. పెద్ద పెద్ద వాళ్లు కూడా మైకు కేసి దొంగచూపులు చూస్తారు, ఈమె ఒక్కసారి కూడా చూడలేదు.

"మేడం, మా జేజికి..." అంది స్టెల్లా.

"ఉష్!"

"కాదు మేడం, జేజికి..."

"స్టెల్లా, రికార్డింగు మొదలైంది." నా వేలు పెదాల మీదికి వెళ్లింది. పది నోళ్లకు తాళాలు పడ్డాయి.

ఎస్తేరమ్మవ్వ గొంతు సవరించుకుంది. "ఒగ ఊర్లో నీళ్లు లేవు" అని ఆగింది.

మేమంతా నిశ్శబ్దం. కానివ్వండి అన్నట్టు నేను చెయ్యి ఊపాను.

"ఒగ ఊర్లో నీళ్లు లేవంటి" అంది అవ్వ. మళ్లీ ఆగింది. "ఏమప్పా, ఉండారా?"

"ఉన్నాం అవ్వా, చెప్పండి" అని, ఆ మాటతో రికార్డింగు పాడైంది కాబట్టి, "కట్, మళ్లీ మొదటి నుంచి" అన్నాను. రెండోసారీ ఇదే తంతు. మూడోసారి అవ్వ కాస్త ముందుకు వెళ్లింది. "ఆ ఊర్లో ఒగింట్లో ఏడుమంది కోడండ్లు. పెద్ద కోడండ్లు ఆరుమంది ఇంట్లో ఉంటే, చిన్న కోడలు ఒక్కతే కడవెత్తుకోని నీళ్లకు పోవల్ల."

"ఊ" అంది స్టెల్లా.

పాపం, ఆ పిల్ల అనాలని అనలేదు. దాని నోరు దానంతట అదే అంది. పుట్టినప్పటి నుంచి జేజి మాట ఆగిన చోటల్లా ఊ కొట్టడం అలవాటైన నోరు. నేను మాత్రం గిర్రున తిరిగి, గేటు వైపు వేలు చూపించాను. రూలంటే రూలే. స్టెల్లా నన్నొకసారి, జేజినొకసారి చూసింది. ఏదో అనబోయి, మింగేసింది. చెప్పులు చప్పుడవుతాయని చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద నడిచి గేటు బయటికి పోయింది. నా శిక్షణ అంత బాగా పనిచేసింది మరి.

అవ్వ ఇంకో రెండు మాటలు చెప్పింది. ఆగింది. ఎదురుగా కూర్చున్న బాషా చేతులతో ఏవో సైగలు మొదలుపెట్టాడు. తన కళ్లను చూపించాడు, అవ్వను చూపించాడు, రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. 'కళ్లారా చూస్తున్నా మేడం, ఇట్లాంటిది ఇంకోటి లేదు' అంటున్నాడని అర్థం చేసుకుని, నేను వాడికి బొటనవేలు ఎత్తి చూపించాను. వాడు నుదురు కొట్టుకున్నాడు, అదీ చప్పుడు కాకుండా.

అప్పుడు ఎస్తేరమ్మవ్వ తన పక్కకు చెయ్యి చాపింది. అంతకు ముందు స్టెల్లా కూర్చున్న చోట తడిమింది. ఖాళీ బండ తగిలింది.

"స్టెల్లా... పాపా..." అని పిలిచింది.

మూరెడు దూరంలో పదిమందిమి ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం.

"పోయినారు" అంది అవ్వ తనలో తనే. "సరేలే, ఆడుకునే బిడ్డలు. ముసిల్దాని కత ఎవురికి కావల్ల ఇప్పుడు." కొంగుతో కళ్లు తుడుచుకుని, లేచి, గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వెతుక్కుంటూ లోపలికి వెళ్లిపోయింది.

గోడ మీద ఆ చెయ్యి చూశాక గానీ నాకు అర్థం కాలేదు. ఆమెకు కళ్లు కనిపించవు. ఊళ్లో కుక్కపిల్లకు కూడా తెలిసిన సంగతి, పది రోజుల శిక్షణ పొందిన నాకు తెలియలేదు. నా చెవుల్లో హెడ్‌ఫోన్లున్నాయి. 'ఎవురికి కావల్ల ఇప్పుడు' అన్న ఆ మాట గాలి చప్పుడు కూడా కలవకుండా అద్దంలా రికార్డయింది. నా బతుకులో అంత శుభ్రమైన రికార్డింగు మళ్లీ చేయలేదు. చేయాలనీ లేదు.

"చెప్తానే ఉంటి గదా మేడం, కండ్లు కనపడవు కండ్లు కనపడవు అని!" బాషా బయటికొచ్చి అరిచాడు.

"ఎప్పుడు చెప్పావు?"

"చేతుల్తో!"

"నోటితో చెప్పొచ్చు కదరా!"

"చెప్తే బయటికి పంపిస్తావు గదా మేడం!"

గేటు బయట స్టెల్లా మోకాళ్లలో తల పెట్టుకుని ఏడుస్తోంది. నేను పక్కన కూర్చుంటే జరిగి కూర్చుంది. "ఊ కొట్టకుంటే మా జేజి కత చెప్పదు మేడం" అంది వెక్కుతూ. "కండ్లు బాగున్నప్పుడే చెప్పదు. ఇప్పుడెట్ల చెప్తాది? మనమున్నామని యట్ల తెలుస్తాది?"

మీకు ఇంకో సిగ్గుచేటు సంగతి చెప్పాలి. చిన్నప్పుడు నేనూ మా అవ్వ పక్కన పడుకుని ఊ కొట్టినదాన్నే. ఊ ఆగితే తొడ మీద గిల్లేది. ఆ గిల్లుడు మర్చిపోయి, హైదరాబాదు సారు చెప్పిన చెత్తను గుర్తు పెట్టుకున్నాను.

ఇక్కడ తెలివైన మనుషులైతే ఏం చేస్తారు? వెళ్లి, తప్పయిందని చెప్పి, పిల్లల చేత ఊ కొట్టించి, కథ వింటారు. నేను అట్లాంటి మనిషిని కాదు. రాత్రంతా ఆలోచించి ఒక సాంకేతిక పరిష్కారం కనిపెట్టాను. అవ్వకు ఊ కావాలి, రికార్డింగులో ఊ ఉండకూడదు. అయితే స్టెల్లా ఊ ముందే ఫోన్లో రికార్డు చేసి, అవ్వ చెవి దగ్గర చిన్నగా వినిపించేట్టు పెడితే? ఎనిమిది సెకండ్లకొకసారి ఊ అంటుంది. ఎక్కడెక్కడ అంటుందో లెక్క తెలుసు కాబట్టి తర్వాత కత్తిరించుకోవచ్చు. నా తెలివికి నేనే భుజం తట్టుకున్నాను.

శనివారం మధ్యాహ్నం స్టెల్లాను కూర్చోబెట్టి, "ఊ అను" అన్నాను.

"యా ఊ మేడం?"

"యా ఊ ఏమిటి? ఊ అంటే ఊ."

"భయమైనప్పుడు కొట్టే ఊనా? తర్వాతేమాయ అనే ఊనా? నిద్రొచ్చాంది ఇంగ చాలనే ఊనా?"

"మామూలు ఊ."

"మామూలు ఊ అని ఉండదు మేడం."

"ఏదో ఒకటి అను తల్లీ!" అన్నాను. అంది. నిద్రొచ్చే ఊ అయి ఉంటుంది.

సాయంత్రం మళ్లీ అరుగు దగ్గరికి పోయాం. స్టెల్లా జేజి చెయ్యి పట్టుకుని, రాత్రి చెప్పిందే మా ముందు మళ్లీ చెప్పింది. "నిన్న మేం యాడికీ పోలేదు జేజీ. ఈడనే ఉంటిమి. మేడం మాట్లాడొద్దనె."

"మనిషి ముందర కూచోని ఉలకకుండా పలకకుండా ఉండేది ఏంటికి?" అంది అవ్వ, ఇంకా ఆశ్చర్యం తీరక.

"రేడియోకంట."

"ఏం రేడియోనో ఏమో. సరే, నీ కోసరం చెప్తా."

ఫోన్ అవ్వ చెవి పక్కన కిటికీలో పెట్టాను. కథ మొదలైంది. "చిన్న కోడలు నీళ్లకు పోయి పోయి, యాడా దొరక్క, ఒగ పెద్ద బండ మీద కూచోని ఏడిచ్చాంది."

"ఊ" అంది ఫోన్.

"ఆ పాప కన్నీళ్లు తగిలి బండ నిలువునా లేచె."

"ఊ."

మూడు నిమిషాలు అద్భుతంగా నడిచింది. నేను మనసులో హైదరాబాదు సారుకు ఉత్తరం కూడా రాసుకుంటున్నాను. అంతలో అవ్వ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఏ మాటా లేకుండానే ఫోన్ "ఊ" అంది. అవ్వ కనుబొమలు పైకి లేచాయి. కాసేపు చెవి రిక్కించింది.

"పాపా, అన్నం తింటివా?"

"ఊ."

"ఏం కూర?"

"ఊ."

బాషా నోట్లో చొక్కా కుక్కుకున్నాడు.

"నిన్ను ఎలుగుబంటికిచ్చి పెండ్లి చేద్దామా?"

"ఊ."

"పెండ్లికి మీ మేడాన్ని గూడా పిలుద్దామా?"

"ఊ."

"మీ మేడానికి బుద్ధుండాదా?"

ఈ ఒక్క ప్రశ్నకు ఫోన్ ఏమీ అనలేదు. చార్జింగ్ అయిపోయింది.

ఇక ఆగుతారా? మూడు వారాలుగా మింగిన తుమ్ములూ దగ్గులూ నవ్వులూ అన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. పిల్లలు అరుగు మీద దొర్లారు. నవ్వుతున్న బాషాకు నిజంగానే తుమ్ములు వచ్చాయి. నేను కూడా నవ్వబోయాను గానీ, ఎస్తేరమ్మవ్వ ముఖం చూసి ఆగిపోయాను. ఆమె నవ్వడం లేదు. కిటికీలో చెయ్యి పెట్టి ఆ ఫోన్ తడిమి తీసి, నేనున్న వైపు చాపింది.

"ఇగోమ్మా, నీ మనవరాలు" అంది.

రెండు చేతులతో అందుకున్నాను.

"నేను ముప్పై ఏండ్లు గనిలో చేసినా. బండ ఇద్దరు ఎత్తల్ల. నేను ఇటు, ఇంగొగరు అటు. ఆ పక్క మనిషి ఊ అంటేనే ఈ పక్క మనిషి చెయ్యి ఇడిచేది. అనకముందే ఇడిస్తే కాలు నుగ్గునుగ్గు అయిపోతాది. కత గూడా అంతే. నువ్వు అందుకున్నావని తెలిస్తేనే నేను ఇడిచేది. అందుకునేదానికి నువ్వు మిషన్ని పెడితివి. మిషన్లకు చెప్పే కతలు నాకాడ లేవమ్మా. ఇంగ కత చెప్పను."

"జేజీ, రేపొక్క రోజే ఉండాది" అంది స్టెల్లా. అవ్వ దాని తల నిమిరింది గానీ మాట మార్చుకోలేదు.

ఆ సాయంత్రం గదికి నడిచి వస్తుంటే నాకు ఏడుపొచ్చింది. కార్యక్రమం పోతే పోయింది, సంస్థ వాళ్లు తిడితే పడతాను. కానీ ఒక పిల్లకు తన జేజి గొంతు మిగలకుండా చేస్తున్నాను. ఆ ఇద్దరి మధ్య నేనెవరిని?

ఆదివారం పొద్దున చర్చి గేటు దగ్గర నిలబడ్డాను, మెడలో హెడ్‌ఫోన్లు లేకుండా. ప్రార్థన అయ్యాక స్టెల్లా చెయ్యి పట్టుకుని అవ్వ బయటికొచ్చింది. వెనకాల క్లబ్బు పిల్లలు గుంపుగా చేరారు. నాకు ఆ సమయంలో పుస్తకం భాష ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు, మా కడప మాటే వచ్చింది.

"అవ్వా, తప్పయిపోయింది. రికార్డింగు వద్దు, ఏమొద్దు. పిల్లోల్లతో పాటు నాకు గూడా కత చెప్పు. నేనే ఊ కొడతా."

అవ్వ తల నా వైపు తిప్పింది. "నీకు వస్తాదా?"

"మా అవ్వకు కొట్టినా."

"యాడ, ఒగటి కొట్టు చూద్దాం."

చర్చి ముందర, జనం అంతా చూస్తుండగా, డిగ్రీ చదివిన నేను గొంతు సవరించుకుని "ఊ" అన్నాను.

"అది ఊ కాదు, దగ్గు" అంది అవ్వ.

రెండోసారి అన్నాను.

"ఇది కండక్టరు టికెట్ అడిగితే చెప్పినట్టుండాది."

"గొంతులో నుంచి కాదు మేడం, కడుపులో నుంచి!" బాషా వెనక నుంచి నేర్పిస్తున్నాడు. "తర్వాతేమాయనో అని మనసులో అనుకో మేడం, అదే వస్తాది!" ఇంకెవరో అందించారు. మూడు వారాలుగా నేను వాళ్లకు నేర్పింది ఏమిటో గానీ, ఆ ఐదు నిమిషాల్లో వాళ్లు నాకు నేర్పింది మాత్రం ఇప్పటికీ పనికొస్తోంది. ఏడోసారికో ఎనిమిదోసారికో అవ్వ పెదాలు కదిలాయి. నవ్వే.

"పాసు కాలేదు గానీ, పోనీలే. అన్నాలు తిని రాండి" అంది.

ఆ రోజు యంత్రాలకు సెలవు. ఎండ తగ్గాక అరుగు నిండా పిల్లలు, ఇరుగు పొరుగు ఆడవాళ్లు, చంకల్లో చంటిపిల్లలు. స్టెల్లా జేజి తొడ మీద తల పెట్టుకుని పడుకుంది. బాషా నా వైపు చూసి, ఈసారి నోటితోనే, "మేడం, రికార్డు?" అన్నాడు. నేను అవ్వ వైపు చూశాను. అవ్వే చెప్పింది.

"పెట్టుకో నాయనా. అది గూడా ఒగ మూలన కూచోని ఇంటాది."

నేను రికార్డరు ఒళ్లో పెట్టుకుని అవ్వ పక్కన కూర్చున్నాను. కథ గంటకు పైగా నడిచింది. మధ్యలో కోడి అరిచింది, ఎవరింట్లోనో కుక్కరు కూసింది, చంటిపిల్ల ఏడ్చింది, ఒక లారీ వచ్చి మలుపు తిరగలేక సతాయించింది. నేను దేన్నీ ఆపలేదు. చుట్టూ ఊలే ఊలు. స్టెల్లా చెప్పినట్టు అందులో మామూలు ఊ ఒక్కటీ లేదు. చిన్న కోడలు బండ కింద బావిలోకి దిగింది, పెద్ద కోడండ్లు వెనకే వచ్చి బండను మూసుకొమ్మన్నారు, బండ నెమ్మదిగా కిందికి వాలుతోంది. అక్కడ అవ్వ ఆగింది. ఎవరి నోటా ఊ రాలేదు. నా నోటా రాలేదు.

మళ్లీ లేచి వెళ్లిపోతుందేమో అనుకున్నాను. అవ్వ వెళ్లలేదు. తొడ మీద ఉన్న స్టెల్లా వీపు మీద చెయ్యి వేసి, నవ్వి, "భయపడినారు లే, చెప్తా" అంది. అందుకున్న నిశ్శబ్దమేదో, అందుకోని నిశ్శబ్దమేదో ఆమెకు చూడకుండానే తెలుసు.

చిన్న కోడలు బయటపడింది. ఊరికి నీళ్లూ వచ్చాయి. సోమవారం పొద్దున ఎస్తేరమ్మవ్వ రైలెక్కింది. స్టెల్లా నాన్న ఫోన్లో కథ ఎక్కింది. రేడియో వాళ్లకు నేను కథనంతా, కోడితో సహా, పంపాను. అక్కడి నుంచి ఏం తిట్లు వస్తాయో అని చూస్తుంటే, బాగుందన్నారు.

వారం తర్వాత క్లబ్బులో ఉండగా స్టెల్లా ఫోన్ పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. "మేడం, మా జేజి! నీతో మాట్లాడతాదంట!" రోజూ రాత్రి ఆ ఇద్దరూ ఫోన్లో కథ చెప్పుకుంటున్నారట. అటు నుంచి జేజి, ఇటు నుంచి ఊ. ఆ మాట వినగానే నాకు కడుపు నిండినట్టయింది. ఫోన్ అందుకున్నాను.

"బాగుండావామ్మా?" అంది ఎస్తేరమ్మవ్వ. "మా చిన్నోడు కత ఇనిపించినాడు. శానా బాగా వచ్చింది. నా గొంతు నాకే కొత్తగా ఉండాది. అందరి ఊలు ఆనవాలు పట్టినా. మా పాపది, బాషాది, పక్కింటి సుభద్రది, అన్నీ తెలిసిపోయినాయి. ఒగటి మాత్రం ఎవురిదో తెల్లేదు."

"ఏది అవ్వా?"

"ఉండాదిలే ఒగటి. నేను నోరు తెరవకముందే అది ఊ అంటాది. కత కంటే ముందర ఉరుకుతాంది. లారీ ఎనక్కి వచ్చేటప్పుడు మోగుతాది చూడు, అట్ల! నా మాటలు సగం దాని కిందనే పోయినాయి. ఎవురమ్మా అది?"

రికార్డరు ఎవరి ఒళ్లో ఉండిందో మీకు గుర్తుంది కదా. నేను చుట్టూ చూశాను. పిల్లలంతా నా వైపే చూస్తున్నారు.

"ఎవరో మరి అవ్వా" అన్నాను.

"దాన్ని ఒగదాన్ని తీసేసేదానికి అయితాదా?" అని అడిగింది అవ్వ, ఎంతో ఆశగా. "నోర్లు మూయించేది నీకు బాగా వచ్చు గదా!"

ఆ రాత్రి కూర్చుని నా ఊలను ఒక్కొక్కటిగా వెతికి కత్తిరించాను. తెల్లారింది. కాబట్టి పాఠకులారా, మీ అందరి ముందూ కుడి చెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో కథ వినేవాళ్ల ఊ జోలికి నేను పోను. ఎవరి నోటి మీదా వేలు పెట్టను. ఒకవేళ చెయ్యి ఆగక ఎవరి నోరైనా మూయించాల్సి వస్తే, ముందు నాదే మూసుకుంటాను, అదీ మైకుకు పది గజాల దూరంలో.